ఇరవై ఏడున్నర మిల్లీమీటర్లు

గేదెల పారినాయుడు పాతపట్నంలో
స్టూడియో మూసేసిన రోజు
లెన్సు ఒక్కటే అడిగేను.
రష్యా సరుకు. గాజు మీద నేరేడు పండు రంగు నీడ.
"బాడీ తుప్పట్టిపోనాది,
కన్నొకటీ పట్టుకెళ్లి ఏటి సేస్తావే పాపా" అంటూనే
ఎనిమిది వందలు లెక్కెట్టుకుని
లుంగీ అంచుతో ఓసారి తుడిచి ఇచ్చేడు.

సరిహద్దు దాటి పర్లాకిమిడి వచ్చేసరికి
బస్సులో నా ఒళ్లో వెచ్చబడింది అది.

నా కెమెరా జపానుది.
దాని నోటికి మూడు పళ్లు, దీని మెడకి మర.
ఒకటి గుచ్చి ఒక్క మెలిక తిప్పితే సరి,
రెండోది చుట్టూ చుట్టూ తిరిగి గానీ కూచోదు.
కొరియర్లో రెండువందల ముప్పైకి
మధ్యవర్తి రింగొకటి తెప్పించేను.

ఎదర కూచున్న పిల్ల
కనురెప్ప వెంట్రుకలు లెక్కకొచ్చేయి.
కిటికీలో మహేంద్రగిరి మాత్రం
ఎంత తిప్పినా గంజి ఆవిరి.
లెన్సు అంచున పడుకున్న ఎనిమిది, అనంతం గుర్తు,
దాని దాకా వెళ్లి టక్కున ఆగుతుంది చెయ్యి.
కొండ దాకా వెళ్లదు చూపు.

రింగు అర మిల్లీమీటరు ఎక్కువట.
గోటి మందం.
అంత మందానికే
దగ్గరివన్నీ దక్కి దూరం పోతుంది.

కొమ్ము పని బిచిత్రానంద మహారణా దగ్గరకెళ్లేను.
ఆయన చేసేవి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు.
రింగుని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని
ఉత్త రేకు అన్నాడు ఒడియాలో.
నేను తెలుగులో చెప్పేను, ఆయన ఒడియాలో విన్నాడు.
కొలత దగ్గర మాత్రం ఇద్దరికీ మాట చాలక
వేళ్లు చాపుకున్నాం.
ఇరవై ఏడున్నర.
బొగ్గుతో గోడ మీద రాసుకున్నాడు, తన అంకెల్లో.

గేదె కొమ్ము మొదలు కోసేడు. లోపల ఎలాగూ బోలు.
నూనె రాసి కుంపటి మీద మెత్తబరిస్తే
జుట్టు కాలిన వాసన వీధంతా.
రేకు రింగు రెండు కొసలూ కోసి
అటొకటి ఇటొకటి దానికి అతికించేడు.
గేదెల వారి లెన్సుకి గేదె కొమ్మా అని నేను నవ్వితే
అర్థం కాకపోయినా ఆయనా నవ్వేడు.

తర్వాతంతా డాబా మెట్లే.
అరగదీస్తాడు, నేను పైకెక్కి కొండని చూస్తాను,
దిగి తల అడ్డంగా ఊపుతాను.
"టికె," అంటాడు, ఇంకొంచెం.
ఏడోసారో ఎనిమిదోసారో
పైనుంచే అరిచేను: హెలా!

ఇన్నాళ్లూ కొండ భుజం మీద
గుడి శిఖరం అనుకుంటున్నది
సెల్ టవరు.

కెమెరా మాత్రం ఒప్పుకోలేదు.
తెర మీద: లెన్సు లేదు.
ఎఫ్ పక్కన రెండు గీతలు.
లెన్సు లేకున్నా తీయొచ్చునని
మెనూ అడుగున ఎక్కడో ఒక అనుమతి ఉంటే
వెతికి పెట్టుకున్నాను.
ఒకసారి లెక్కలకొచ్చిన మేస్టారు కూడా
మాతృభాష గడి
మమ్మల్ని అడక్కుండానే నింపుకుపోయేడు.
ఆ సాయంత్రం కూర మాడిందని
మేం తెలుగులోనే తిట్టుకున్నాం.

ఆషాఢం చెమ్మకి కొమ్ము ఉబ్బింది.
వెంట్రుకవాసి.
కొండ మళ్లీ మెత్తబడింది.
మహారణాకి చూపిస్తే
ఎండలు రానీ, ఇప్పుడు ముట్టుకోకు అన్నాడు,
బతికున్నదాని గురించి చెప్పినట్టు.

అందాకా దగ్గరివాళ్లని తీస్తున్నాను.
నిన్న ఆయన చేతులు.
వద్దు వద్దంటూనే పంచెకి తుడుచుకున్నాడు, వదల్లేదు:
గోళ్ల సందుల్లో
నల్లగా, సన్నగా,
నా అర మిల్లీమీటరు.