పిట్టరెట్ట

చూళైమేడులో మూడంతస్తుల మేడ మీద
పగిలిన పెయింటు డబ్బాలో మా కరివేప.
బియ్యం కడిగిన నీళ్లు, టీ పిప్పి, గుడ్డు పెంకులు,
అంతే దాని భోగం.

మొన్న ఆకు మీద పిట్టరెట్ట అనుకుని
గోటితో గీరబోతే
అది తల ఎత్తింది.

కింది వాటా సెల్వనాయకి అక్క
పుల్లమజ్జిగ చెంబుతో వచ్చింది:
"ఇంగువ కలిపి చల్లు, పురుగన్నది ఉండదు."
చెంబు అందుకున్నాను గానీ
చేతులు రాలేదు.
ఆ రాత్రి మజ్జిగపులుసు పెట్టేశాను,
కరివేపాకు లేకుండా.

నాలుగు రెమ్మలు దాని పాలు అనుకుంటే
అయిదోదీ మేసింది
పచ్చబడి, లావెక్కి.

నీళ్ల ట్యాంకరు హారను కొట్టిన పొద్దున
బిందెలు మోసి పైకొచ్చేసరికి
నడుముకి ఒక్క దారప్పోగు చుట్టుకుని
పుల్లకి ఆనుకుంది.

"పోయిందా పురుగు?" కేకేసింది అక్క.
"పోలేదక్కా,
నిద్రపోయింది."