చెమ్మ

రాత్రి రెండున్నర. పెద్దాసుపత్రి ల్యాబ్‌ల
సెంట్రిఫ్యూజ్ తిరిగి తిరిగి నిలవడ్డది.
గొట్టంల అడుగున ఎరుపు, పైన పలుచటి పసుపు.
ఆ పసుపుల ఓదెలు మూత్రపిండాల కబురుంది.
ఇంకా ఎవ్వలికీ చెప్పలే అది.

ఏనుమాముల మార్కెట్ల హమాలి ఓదెలు.
మిర్చి బస్తా లేపంగ కొక్కెం జారి పిక్కల దిగింది.
ఇంత పసుపద్దుకొని రెండు రోజులు బస్తాలు మోసిండు.
మూడోనాడు కాలు గుమ్మడికాయంత,
నాలుగోనాడు వణుకుడు,
ఐదోనాడు పెండ్లాం ఐలవ్వ మొఖం జూసి
"మీదే ఊరమ్మా" అని అడిగిండట.

క్రియాటినిన్ సున్నా పాయింట్ తొమ్మిది.
కాయితం మీద అంత మంచిగనే ఉన్నది.
ఈ క్రియాటినిన్‌తోని నాది పదహారేండ్ల సోపతి.
దొంగలు వడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్క.
సగం ఇల్లు ఊడ్సుకపోయినంక
తోక ఊపుకుంట వస్తది.

మా నాయిన నీరటి.
ముసురు రాత్రిళ్లు కందిలి వట్టుకొని, చెప్పులిడిసి,
చెరువు కట్ట ఎనుకపొంటి నడిచేటోడు.
నీళ్ల దిక్కు చూడకపోయేది.
"అలుగు ఊరందరికి చెప్తది బిడ్డా,
కట్ట అరికాలుకే చెప్తది."
ఎండినట్టు కనవడే మట్టిల ఒక్కతాన సల్లగ తాకితే
ఇగ ఊరంత లేవాలె. తట్టలు, పారలు, ఇసుక సంచులు.
ఒక్కోసారి అది బర్రె ఉచ్చ అని తేలేది.
తిట్టుకుంట వోయి పండుకునేటోళ్లు.
మల్లా రాత్రి చెప్పులిడిసేటోడు.

ఎవలో పరిశోధన జేస్తమని తెచ్చి పోయిన డబ్బాల
ఎన్‌గ్యాల్ కిట్టు ఒక్కటే మిగిలింది.
మంచాలు రెండు.
పదకొండో మంచం మీద తాడ్వాయి బాలింత,
ఆమె క్రియాటినిన్ పొద్దటికే నాలుగు దాటింది.
ఆమెకు కుక్క మొరిగింది.
ఇంకా మొరగనోనికే ఈ కిట్టు పనికొస్తది.
లెక్క కరెక్టే.
అయినా డబ్బా మూత తీసేటప్పుడు
పదకొండు దిక్కు చూడలేకపోయిన.

పదిహేను నిమిషాలు.
నాలుగు వందల ఎనభై.
నూటయాభై కాడ ఉండవలసింది.

ఫోన్ల డాక్టర్ నుజ్హత్ గొంతుల నిద్ర లేదు.
"నమ్మొచ్చా?"
"చీము వట్టిన ఒంట్ల తెల్లకణాలు గూడ దీన్ని వదుల్తయి మేడం.
చెమ్మ అయితే తాకింది.
కట్టదో, బర్రెదో."
ఆమెకు సమజ్ కాలే.
కాని అమికాసిన్ ఆపింది, నొప్పి సూది ఆపింది,
సెలైన్ కొలిసి ఎక్కియ్యమన్నది,
బీపీ పడనియ్యొద్దన్నది,
గంటకెంత మూత్రమొస్తుందో రాయమన్నది.

నర్సులు ఇద్దరు, మంచాలు ముప్పై.
రాసింది ఐలవ్వ. ఆమెకు రాయరాదు.
నొసటి స్టిక్కర్ వీకి మూత్రం సంచి మీద అంటిచ్చింది,
ఇందాక ఇక్కడిదాక అని.
గంటయినంక వీకి, వేలెడు పైన మల్లా అంటిచ్చింది.
తెల్లారేవరకు దాని జిగురు వోయింది.
ఉమ్మితోని ఆనిచ్చింది.

రెండో రోజు ఒకటి పాయింట్ ఏడు.
మూడో రోజూ అంతే. నాలుగో రోజు దిగింది.
"నా పేరేంది" అని ఐలవ్వ అడిగితే
ఓదెలు నవ్విండు, చెప్పలే, అయినా ఆమె ఏడ్చింది.

కిట్టు కాపాడిందా? ఏమో.
సూది ఆపకపోయినా దిగేదేమో.
తెగని కట్టకు మా నాయినకు గూడ
ఎన్నడూ ఎవ్వలూ శాలువ కప్పలే.

పదకొండో మంచం పేరు డయాలసిస్ లిస్టుల ఏడోది.

ఇండెంట్ పుస్తకంల నాలుగోసారి రాసిన,
కిట్లు, ఇరవై.
సంతకం పెడుతుంటే
జారిన చెప్పుల నుంచి బయటికొచ్చిన కాలుకు
గచ్చు సల్లగ తాకింది.
ఏసీ నీళ్లే కావచ్చు.
వంగి చూసిన.