చెవులతో చూసిన సినిమాలు

నన్నడిగితే చెప్తా, ఎవరూ అడగరు గానీ.

రాయదుర్గంలో జీన్సు కుట్టే షెడ్డు.
పదారు మిషన్లు, ఒక్క ఫోను.
గాదిలింగ పొద్దున్నే దాన్ని
దారపుకండెల డబ్బాకి ఆనిచ్చి నిలబెడతాడు,
సౌండు నిండా పెట్టి.
చూసేదెవరు? కండ్లు సూది మింద ఉండాల,
రవ్వంత తప్పితే యేలు పోతాది.
ఈ యేడు నేను
తొమ్మిది సినిమాలూ నాలుగు సిరీసులూ
చెవులతోనే చూసినా.

చెవులకు అందం పట్టదు.
హీరో ఎర్రగుంటాడా నల్లగుంటాడా, నాకు తెలీదు.
ఊపిరి తెలుసు.
ఏడుపు నిజంగా వచ్చినోళ్ళకి
మాటకు ముందు ముక్కు మూసుకుపోతాది,
రానోళ్ళకి వయొలిన్ వస్తాది.

ఒకదాంట్లో మా సీమంట.
పదకొండు బాంబులు, లెక్కపెట్టినా.
అంత దుమ్ములో ఒక్కడూ దగ్గడు!
బోరింగు కాడ బిందెల గలాట లేదు,
శెనక్కాయ మూట ఎంతకు పోయిందప్పా అని
ఎవుడూ ఎవుణ్ణీ అడగడు.
మాట మాత్రం మాదేనంట.
ఇంకెవరి కొలతకో కుట్టిన ప్యాంటు మాదిరి
ఆ నోట్లల్లో జారిపోతా ఉండె.
హంపక్క గుండీల మిషను ఆపి,
"ఇంత గట్టిగా మా ఆయన
జీతం పోయిన దినం గూడా అరవలేదు" అనింది.
మళ్ళీ మిషను తిప్పుకుంది.

ఇంగ సిరీసులు.
మొదటి భాగంలోనే ఒక పిల్ల చచ్చిపోతాది,
మిగతా ఏడు భాగాలూ పోలీసాయన బాధే.
ఆయనకు నిద్ర రాదు. పెండ్లాం ఇడ్సిపెట్టింది.
సిగరెట్టు అంటిస్తాడు, ఆర్పుతాడు, అంటిస్తాడు.
ఆయన కష్టం కష్టం కాదనను.
ఆ పిల్లకు పది మాటలన్నా ఇచ్చి చంపింటే
మాకూ తెలిసేది, పోయిందెవరో.
ఎనిమిదోది అయిపోయినాక
ఆమె పేరేందే అని షెడ్డంతా అడిగినా.
ఉగ్గాని పొట్లం ఇప్పుతా తిప్పమ్మ,
"ఆ గజ్జెల పిల్లే కదా?" అనింది.
అంతే గుర్తుండేది.

హీరో ఎగిరి తంతాడు, మనిషి పడిన సద్దు వస్తాది,
గుడ్డ చిరిగిన సద్దు రాదు.
కాళ్ళు కలిసేకాడ రెండు వరసలు కుట్టేసినోళ్ళకు తెలుసు
అట్ల ఎగిరితే ఏమైతాదో.
ఆఖర్లో పని చేసినోళ్ళ పేర్లన్నీ పడతాయంట.
మాకు వినబడేది డప్పులే.

ఒకటి మాత్రం చెప్పాల.
మలయాళంలో తీసింది, తెలుగు మాటలు పెట్టినారు.
ఏమీ జరగదు అందులో.
ఒక ముసలాయన రేడియో ఇప్పుతాడు, బిగిస్తాడు.
కోడలు గిన్నె గీకుతాది.
ఎవరూ మాట్లాడనప్పుడు బయట వాన.
వాన. వాన.
గాదిలింగ "పీసులు, పీసులు" అనడం మర్సిపోయినాడు.
మిషన్లు వాటంతట అవే మెల్లగైనాయి,
ఎవరి కాలు ఎవరు తీసినారో తెలీదు.
ఆ పొద్దు నూటా నలభై కావాల్సింది, నూటా పదే అయినాయి.
మంచి సినిమాకి నా కొలత అదే:
ముప్పై ప్యాంట్లు తక్కువ కుట్టించింది.

ఆదివారం ఇంట్లో,
మా చెల్లెలు కొడుకు ఫోన్లో
దాన్ని కండ్లతో చూసినా, ఆశపడి.
ముసలాయన నేననుకున్నంత ముసలి కాదు.
కోడలు చానా అందంగా ఉండాది, ఎందుకో కోపమొచ్చింది.
ఆ వాన, వాన కాదు.
పెనం మింద చేపలు వేగుతాండాయి.
బయట ఎండ, మా ఎండ మాదిరే.

సోమవారం హంపక్కకు చెబుదామని పోయినా.
గుండీలు యేరుకుంటా ఆమె తలెత్తకనే,
"గాదిలింగా, ఆ వానది మళ్ళీ పెట్టప్పా" అంటాంది.
సూదికి దారం ఎక్కిచ్చుకుని
గమ్మున కూచున్నా.