ఒకవైపు గొట్టం

ముందు సీట్లో నేను, వెనక సీట్లో షెన్ బోచియన్.
మా ఇద్దరి మధ్య ఒక రబ్బరు గొట్టం.
నా నోటి దగ్గర గరాటు, అతని చెవుల్లో రెండు కొసలు.
నేను అరిస్తే అతనికి వినబడుతుంది.
అతను అరిస్తే గాలికి వినబడుతుంది.

అరిజోనాలో ఆగస్టు. పొద్దున ఆరింటికే
రెక్క మీద చెయ్యి వేస్తే చుర్రుమనేది.
పెడళ్ళు అందక వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకునేవాడు.
మెస్‌లో ఓట్‌మీల్ జావ మీద ఉప్పు చల్లుకునేవాడు.
వంటావిడ మిసెస్ ట్రెడ్వే నొచ్చుకుని
ఒకరోజు అన్నం వండింది, పాలూ పంచదారా పోసి.
ఇరవై ముగ్గురూ మర్యాదగా తిన్నారు.
ఎవరూ మారు అడగలేదు.

దుబాసీ నేల మీదే ఉండిపోతాడు.
పైన నా దగ్గరున్నవి వాళ్ళ భాషలో నాలుగు మాటలు:
మెల్లగా. ఎడమ. కుడి. మళ్ళీ.
నాలుగూ తప్పుగానే పలికానని తర్వాత తెలిసింది.
కుర్రాళ్ళు ఆ తప్పుల్నే నేర్చుకున్నారు.
రాత్రుళ్ళు బ్యారక్‌లో నా యాసలో
"మెల్లగా, మెల్లగా" అనుకుని పడీపడీ నవ్వేవారట.

అద్దంలో అతని ముఖం, అరచెయ్యంత.
చెప్పకుండా ఇంజను ఆపేసేవాణ్ణి, బెదురుతాడేమో చూద్దామని.
బెదిరేవాడు కాదు. దిగడానికి కింద పత్తిచేను వెతుక్కునేవాడు.
నీకు భయమెందుకు లేదని ఒకసారి అడిగించాను.
జవాబు చాలాసేపు సాగింది.
దుబాసీ ఒక్క ముక్కలో తేల్చేశాడు:
"పైనుంచి పడేవేమిటో వాళ్ళ ఊళ్ళో చూశాడట సార్."
మిగతాదేమిటని నేను అడగలేదు.
అడగాల్సింది.

గావోని తప్పించింది నేనే.
నేల ఎంత దగ్గరకొచ్చిందో అతని కళ్ళకి అందేది కాదు.
నేను సంతకం పెడుతుంటే బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు,
కాళ్ళు కోసి ఇమ్మన్నట్టు.
ఇప్పుడు హాంకాంగ్‌లో లారీ టైర్లు అమ్ముతాడు.
ప్రతి డిసెంబరుకీ కార్డు వస్తుంది,
ఫొటోలో ఏటా ఒక మనవడు ఎక్కువ.

నా చేతుల మీదుగా పాసైన పదకొండు మంది నుంచీ
కార్డులేమీ రావు.
లాగ్‌బుక్‌లో ఉన్నారు, నా చేతిరాతలో: యోగ్యుడు. యోగ్యుడు. యోగ్యుడు.
షెన్ దగ్గర మాత్రం "చాలా యోగ్యుడు."
ఆ "చాలా" నన్నెవరూ అడగలేదు. నేనే కలిపాను.

చివరి రోజు, చక్రాలు నేలని తాకే ముందు,
అద్దంలో అతని పెదాలు కదిలాయి.
ఏదో అన్నాడు. పొడుగ్గానే అన్నాడు.
నేను విన్నవాడిలా
బొటనవేలు ఎత్తి చూపించాను.