వెడల్పు గురువారం

ఈ ఏడు బంగారం దుకాణపోళ్లు క్యాలెండర్ ఇయ్యలే.
పోయిన ఏడు మనం కొన్నదేమున్నది,
ముక్కుపుల్లకు మర వేయించుకున్నం, అంతే.
కిరాణం సేటు ఇచ్చిండు గని
అందుల గడులు చీమ కండ్లంత.
పాల లెక్క రాస్తె గ్యాస్ తారీఖు మునుగుతది.

బజార్ల పెద్ద గడులది నూటయాభై.
నూటయాభై అంటే
అస్తరుతోని ఒక జాకెట్, చేతులకు గొట్టాలతోని.

అందుకని అటక మీది ఫ్లెక్సీ దించినం.
ముందటి దిక్కు ఎవరి పిల్లదో చీర కట్టించిన ఫంక్షన్,
వెనుక దిక్కు తెల్లగ, మబ్బు వట్టిన పొద్దు లెక్క.
వానకాలం బాత్రూం మీద కప్పుదామని తెచ్చిండు ఆయన.
మిర్యాలగూడల ఫ్లెక్సీ లేని ఇల్లుంటదా.

శివలీల గీతలు గీసింది.
దాని స్కేలు ఇరిగి ఇరవై రెండు కాడ ఆగుతది.
సోమ, మంగళ, బుధ సక్కగొచ్చినయి.
ఆడ స్కేలు జరిపి పెట్టవోతె చెయ్యి జారింది,
గురువారం వెడల్పయింది
బస్సుల ఇద్దరి సీట్ల ఒక్కడే కూసున్నట్టు.
శుక్రవారం, శనివారం ఇరుకు.
ఆదివారం అంచుకు వేలాడుతది.
"చెరిపి గీస్తనమ్మా."
పోని మార్కరు బిడ్డా, యాడ చెరుపుతవు.

తారీఖులు మాత్రం నా కుట్టు సుద్దతోని.
నెల కాంగనె తడిబట్ట.

పనులు రాసుడు వద్దనుకున్నం. అత్తమ్మకు అచ్చరాలు రావు.
ఐదు రూపాయలకు బొట్టుబిళ్లల అట్ట తెచ్చిన.
మొత్తం కర్సు అదే.
ఎర్రది ఆయన రైస్ మిల్లు నైటు డ్యూటీ.
"నా డ్యూటీకి బొట్టు వెడుతున్నరా" అని నవ్విండు.
నల్లది మధుకర్ ట్యూషను, ఎక్సెల్ బండి ఆ పూట వానిది.
తళుకుది శివలీల దాసుకున్నది, పరీచ్చలకే తీస్తదంట.
నీలం నాది: సంఘం కిస్తీ,
పంతులమ్మ జాకెట్లు ఇస్తనన్న రోజు,
దాని పక్కనే, నిజంగ ఇచ్చే రోజు.

మొదటి వారమే ఎర్రది, నల్లది ఒక్క గడిల వడ్డయి.
బండి ఒక్కటే.
కొట్లాట తప్పలే.
గని ఎనుకట తలుపు కాడ, తాళంచెవి గుంజుకుంట అయ్యేది,
ఇప్పుడు నాలుగు రోజుల ముందుగాల్నే అయితున్నది,
కూసోని, చాయ తాగుకుంట.

ఆకుపచ్చది అత్తమ్మది.
నల్లగొండల కన్ను ఆపరేషను చేయించినం,
నెల దినాలు చుక్కల మందు.
మందు వేసినంక బిళ్లను పక్క గడికి జరపాలె, గంతే అని చెప్పిన.
చెప్పినంక యాదికొచ్చింది.
మామ పోయి తొమ్మిదేండ్లు.
తొమ్మిదేండ్ల సంది ఆ ఏళ్లు బొట్టును ముట్టలే.

ఆమె ఫ్లెక్సీ దిక్కు చూసింది.
కొంగుకు చెయ్యి తుడుసుకున్నది.
గోరుతోని బిళ్లను మెల్లగ లేపి
పక్క గడిల నడుమకు చూసి
బొటనేలితోని ఒత్తింది,
నుదురు మీద ఒత్తినట్టే, ఒక్క గడియ ఆపి.
నేను సూదిల దారం ఎక్కిస్తున్న.
ఎక్కిన దారాన్నే మల్ల తీసి మల్ల ఎక్కించిన.

ఆ దినం నుంచి ఎవ్వరూ జరపకపోదురు,
ఆమె తప్పకపోవు.
జిగురు పోయిన బిళ్లకు అన్నం మెతుకు అంటించేది.
మధుకర్ నల్లబొట్టు కింద పడితె
"నీ ట్యూషను ఊడింది రా" అని ఎత్తి పెట్టేది.

నెల అయింది. డాక్టరు చుక్కలు బందు చేసిండు.
నేను తడిబట్టతోని తారీఖులు తుడిచి
బిళ్లలన్ని తీసి అట్టకు అంటిస్తుంటె
ఆకుపచ్చది లేదు.

తెల్లారి చూస్తె
గురువారం గడిల ఉన్నది,
ఆ వెడల్పుల, నట్టనడుమ.

"గురువారం ఏమున్నదత్తమ్మా?
దవాఖానకా? ఎవరన్న వస్తున్నరా?"

"ఏం లేదే.
జాగున్నదని పెట్టిన."