ఒక్క కొమ్మ కడగకు

కంబాలకొండ అంచున, జూ పార్కులో
రాత్రి జంతువుల గది.
ఎర్ర బల్బు కింద దేవాంగపిల్లి
తన చేతుల మీద తానే ఉచ్చ పోసుకుంటుంది.
అరచేయి, అరికాలు రుద్దుకుని
కొమ్మ మీద మెల్లగా నడుస్తుంది
తడి ముద్రలు వదిలేస్తూ.

పిల్లి కాదది, మనకి దూరపు చుట్టం.
గుప్పెడంత ఒళ్ళు, మొహం నిండా కళ్ళు.
అన్ని కళ్ళుండీ
ఊరి కబుర్లు ముక్కుతోనే చదువుతుంది:
ఇటుగా ఎవరు వెళ్ళారు, ఆడా, మగా,
కడుపుతో ఉందా, తోడు కావాలా,
నిన్న రాత్రా, మొన్నా.

నేను యూనివర్సిటీ లాబులో
దాని వెంట్రుక కుదుళ్ళలోంచి డీఎన్ఏ తీసి చదువుతాను.
యాభై ఆరు అక్షరాలు పలక మీద దిద్దినదాన్ని
నాలుగే నాలుగింటి దగ్గర తడబడతాను.
వాసన పట్టే జన్యువులు దానికి బారులు బారులు.
ఒకటి రెండై, రెండు నాలుగై,
ఒక్కో కాపీ మెల్లగా పక్కకి జరిగి
వేరే యాస నేర్చుకుంది,
విజయనగరం దాటితే మాట మారినట్టు.

కింది వరసలో మనిషివి.
అవే జన్యువులు. చదువుకుంటూ పోతే
వాక్యం మధ్యలో ఫుల్‌స్టాప్.
టీ, ఏ, జీ. అంతే.
తర్వాత రాసిందంతా అలాగే ఉంది,
మూతపడ్డ సినిమా హాలు గోడ మీద పోస్టర్‌లా.
మూడు రంగులు చూడ్డం వచ్చాక
ముక్కు మాట వినేదెవరు, అంటారు మా గైడు.
అలాగని ఒక వాదన ఉంది, అని కూడా అంటారు.
కాదనడానికి నా దగ్గర డేటా లేదు.

ఇంటర్ రెండేళ్ళూ నా బెంచీ మీద
మూడో మనిషి కూర్చోలేదు.
అమ్మ, గనగళ్ల నూకరత్నం,
ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపలు అమ్ముతుంది.
నెత్తళ్ళు, సావళ్ళు, రొయ్యపప్పు.
రెండు సబ్బులు మార్చి తోముకుని వెళ్ళినా
నేను గుమ్మంలో ఉండగానే
నా వీధి పేరు చదివేసేవారు.
ఆ జన్యువులు చచ్చిపోయాయట!

సూరాడ ఎల్లాజీ రోజూ పొద్దున్నే
ఫినాయిల్‌తో బోను కడుగుతాడు,
కొమ్మ కొమ్మా గోనెగుడ్డతో తుడుస్తాడు.
శుభ్రం తెలిసిన మనిషి.
రాత్రయితే దేవాంగపిల్లి
మొత్తం మొదట్నుంచీ రాసుకుంటుంది.
గిన్నెలో మిడతలు అలాగే ఉండిపోతాయి.
తొమ్మిది రోజుల్లో పన్నెండు గ్రాములు తగ్గింది.

"ఒక్క కొమ్మ కడగకు, ఎల్లాజీ బాబాయ్" అన్నాను.
జన్యువులూ గ్రాహకాలూ అంటూ ఇంకా ఏదో మొదలెట్టాను.
చెయ్యి అడ్డం పెట్టాడు.
"తెలుసమ్మా.
నాను బోటెక్కి యేటకెల్లినన్నాల్లూ
మా ఆడది నా సొక్కా ఒకటి ఉతికీది కాదు.
తలగడ కింద ఎట్టుకునీది.
ఇరవై రోజులు.
పారాదీప్ కాడ తుపాను పట్టినేడు ముప్పైనాలుగు.
ఇప్పుడది నేదు.
దాని సీర..."
బకెట్టు తీసుకుని బయటికెళ్ళాడు.
నీళ్ళు పారబోసిన చప్పుడు
చాలాసేపు వినబడింది.

రిజిస్టర్‌లో రాశాను:
ఎడమ పక్క, కిటికీ వైపు కొమ్మ. కడగలేదు.
నాలుగో రాత్రి అది
ఆ కొమ్మ దగ్గర ఆగి, మూతి ఆనించి,
తన నిన్నటిని తాను కలుసుకుని,
దిగి వచ్చి మిడత తింది.

మర్నాడు తెల్లారగట్ల హార్బర్.
అమ్మ తట్ట దించడానికి చెయ్యి వేశాను.
ఎండిన పొలుసులు మణికట్టు దాకా అంటుకున్నాయి.
"కాలేజీకెల్లే పిల్లవి, సేతులు కడుక్కో"
అని సబ్బు అందించింది.
అలాగే, అని సంచిలో వేసుకున్నాను.

ఏడున్నర బస్సు.
కడ్డీ పట్టుకున్నాను, సీటు వెనక కమ్మీ పట్టుకున్నాను,
చిల్లర ఇచ్చేటప్పుడు కండక్టర్ వేళ్ళు తగిలాయి.
బీచ్ రోడ్డు మలుపులో
వెనక ఎవరో విసురుగా కిటికీ తెరిచారు.

చదివారన్నమాట.