యాభై రెండు డిగ్రీలు

తాడిపత్రిలో ఆ మే నెల
బండల పాలిష్ మిల్లులు రాత్రిపూటే తిరిగేవి.
కాలిపోయిన మోటార్లు తెల్లారేసరికి
మా అంగడి ముందు వరసగా పడుకొని ఉండేవి.
నాయన ఒక్కోదాన్ని విప్పి
మాడిన రాగితీగె వాసన చూసి
"వోల్టేజీ చాలక", "నీళ్లు తాగి" అని
పోయిన కారణం సుద్దముక్కతో దాని మీదే రాసేవాడు.

ఆ కడపబండ బల్ల మీద ఒక మూల
నాకు మూరెడు జాగా ఇచ్చినాడు.

ఎనిమిది నెలలు పట్టింది సామాను చేరడానికి.
డబ్బా, అనంతపురంలో మూతబడిన నెట్ సెంటరుది.
పక్క తలుపు మీద ఇంకా
"గంటకు పదిహేను" అనే చీటీ అంటుకొని ఉంది, గీకలేదు.
మదర్‌బోర్డు మాత్రం కొత్తది.
దానికోసం నూటా ముప్ఫై చీరలకు ఫాల్సు కుట్టినాను.
ప్రాసెసరు బెంగుళూరు బస్సులో
డ్రైవరు వెనక, మామిడికాయల బుట్ట మీద కూర్చొని వచ్చింది.
అగ్గిపెట్టెంత కూడా లేదు.
"ఇంత దుడ్డుకి ఇంతేనా" అని అమ్మ
అరచేతిలో ఎగరేసి తూకం చూడబోతే
నేను అరిచిన అరుపుకి పక్కింటి కోళ్లు లేచినాయి.

ఒంటికి బట్ట రాసుకుంటే కరెంటు పుడుతుందంట,
మనకి తెలియనంత, చిప్పు చచ్చిపోయేంత.
అందుకే ప్రతి మర బిగించే ముందు
పోయి ఇనప స్టార్టరు డబ్బాని ముట్టుకొని వచ్చేదాన్ని.
దర్గా గడప తాకినట్టుందని
జుబేదత్త నవ్వింది.

ముక్కోణం గుర్తుకి ముక్కోణం ఎదురుపెట్టి వదిలితే
చిప్పు తనంతట తనే కూర్చుంది.
మీట వంచేటప్పుడు మాత్రం
సంగటిలో రాయి తగిలినట్టు కరకరమంది.
ఆ చప్పుడు వస్తుందని ఎవరూ చెప్పలేదు.
దాని నెత్తిన పేస్టు కందిగింజంత చాలన్నారు.
నేను డబ్బాలోంచి నిజంగానే ఒక కందిగింజ తెచ్చి
పక్కన పెట్టుకొని కొలిచినాను.

అన్నీ అయ్యేసరికి రాత్రి పది. ఒక మర మిగిలింది.
యాడిదో ఇప్పటికీ తెలీదు.

బిస్మిల్లా అని మీట నొక్కినాను.
ఫ్యాను అరచుట్టు తిరిగింది.
ఆగింది.
చీకటి.
ఎనిమిది నెలలు. నూటా ముప్ఫై చీరలు.
స్క్రూడ్రైవరు పట్టుకొని నిలబడి
నాయన మాదిరే గాలిని వాసన చూస్తున్నా,
మాడిందా, మాడిందా అని.
అప్పుడు వీధిలోంచి ఎవరో
"కరెంటు పాయ ల్యా!" అని అరిచినారు.
వాళ్లెవరో గాని, చల్లగా ఉండాల.

రెండున్నరకి వచ్చింది.
లుంగీ బిగించుకుంటూ నాయన లేచి వచ్చినాడు.
నల్లటి తెర, తెల్లటి అక్షరాలు.
ఏ జాగాలో ఏం పెట్టినానో
ఒక్కొక్కటి నాకే చదివి చెప్పింది ఆ మిషను,
అంగడి కాడ బాకీ అప్పజెప్పినట్టు.
తేదీ దగ్గర మాత్రం జనవరి ఒకటి, ఏనాటి సంవత్సరమో.
వేడి దగ్గర, యాభై రెండు.

"జొరమా?" అన్నాడు నాయన.
"మామూలే అంట."
"అంతేలే. మన రేకుల కింద మద్దేనం అంతే కదా."
డబ్బాకి అరచెయ్యి ఆనించి
కండ్లు మూసుకొని శానాసేపు విన్నాడు.
"బేరింగు మంచిదే."
లోపల బేరింగంటూ ఉండేది ఫ్యానుకేనని
నేను చెప్పలేదు.

"ఏముందే దాంట్లో మాబున్నీ?" గడప కాడ నుంచి అమ్మ.
"ఇంకా ఏం లేదుమా."
బాణం మీటలు నొక్కి తేదీ దిద్దినాను.
మే పంతొమ్మిది. రెండూ నలభై ఒకటి.

నాయన జేబులోంచి సుద్దముక్క తీసి
డబ్బా మీద రాయబోయి
ఏం రాయాల్నో తోచక ఆగినాడు.
దాన్ని నా చేతిలో పెట్టి
పోయి పడుకున్నాడు.